ఒడ్డున కనబడని తాబేళ్లు

మన పేట,
భీష్మ ఏకాదశి

నాయనా, తమ్ముడూ నాగబాబూ,

ఎండు రొయ్యల పొట్లంలో కాగితం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం కులాసా. మీ బావ నిన్న వేటకెళ్లి క్షేమంగా వచ్చాడు. శ్రీకూర్మం వెళ్లి స్వామిని చూద్దామనుకున్నాను గాని అంగన్‌వాడీకి సెలవు లేదు. ఇంట్లోనే సహస్రనామం చదువుకున్నాను.

మొన్న ఫోనులో నువ్వు చెప్పినదంతా మీ బావకి చెప్పాను. ఇన్నేళ్ల పరిశోధన పుస్తకం చేసి యూనివర్సిటీలో ఇచ్చేశావని, ఉగాది వెళ్లాక పెద్దల ముందు నిలబడి వాళ్లడిగినదానికి జవాబు చెప్పాలని, అది గట్టెక్కితే నువ్వు డాక్టరు నాగబాబువని. "సూది ఎయ్యలేని డాక్టరేటే?" అని నవ్వాడు. నవ్వాడే గాని, సాయంత్రం వలలు బాగుచేసుకునే చోట నలుగురికీ అదే మాట తానే చెప్పుకున్నాడు. నేను విన్నాను.

నువ్వు చెప్పినది నాకు ఎంతవరకు తలకెక్కిందో రాస్తాను. తప్పుంటే దిద్దు. రెండేళ్ల కిందట కార్తీకంలో రామమందిరం దగ్గర నువ్వు మీటింగు పెట్టావు. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చే నెలల్లో, అడుగున తిరిగే టేకు చేపల కోసం వేసే పెద్దకన్ను వలని రాత్రంతా నీళ్లలో ఉంచొద్దని అడిగావు. మన మగవాళ్లు సరేనన్నారు. నువ్వు పెట్టిన మనిషి పోతురాజు దినం విడిచి దినం ఎండెక్కే వేళకి సైకిలు మీద వచ్చి, ఒడ్డంతా నడిచి, చచ్చిన తాబేలు కనబడితే ఫోటో తీసి నీకు పంపుతాడు. మునుపు మన ఒడ్డున ఎన్ని పడి ఉండేవో మనిద్దరికీ తెలుసు. ఆ మీటింగు తర్వాత ఒకటీ అరా తప్ప కనబడడం లేదు. పక్క ఊళ్ల ఒడ్డున మామూలే. కాబట్టి వల నియమం పనిచేసింది. ఇంతేనా? నీ పుస్తకం చూసి చేపల శాఖవాళ్లు తీరమంతా ఇదే నియమం పెడతారని, ఇంక తాబేళ్లకి భయం లేదని కూడా అన్నావు.

చాలా సంతోషించాను. దీపం పెట్టాను. దీపం పెట్టి లేచాక ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది.

అంగన్‌వాడీలో నెలకోసారి పిల్లల్ని తూస్తాను కదా. బక్కపిల్లల తల్లులు ఆ రోజు రారు. నలుగురిలో నామోషీ. వచ్చినవాళ్లని మాత్రమే తూచి చూస్తే, మన పేటలో పిల్లలంతా బొద్దుగా ఉన్నట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకుని సంబరపడ్డాను. ఇళ్లిళ్లా తిరిగితే గాని తెలియలేదు.

ఒడ్డున కనబడకపోతే సముద్రంలో చావలేదని ఎలా తెలుస్తుంది నాయనా? చదువుకున్నవాళ్లకి దీనికేదో లెక్క ఉండే ఉంటుంది. అది నాకు అర్థమయ్యేలా చెప్పు. ఫోనులో చెప్పినా సరే.

రొయ్యలు ఎండలో ఒకసారి ఆరబెట్టి దాచుకో.

నీ పెద్దప్ప,
నారాయణమ్మ

*

మన పేట,
శివరాత్రి మర్నాడు

నా తండ్రీ,

నీ జవాబు విన్నాను. ఎంత ఓపిగ్గా చెప్పావు! చచ్చిన తాబేలు ఉబ్బి తేలుతుందని, గాలీ కెరటమూ దాన్ని ఒడ్డుకు తోస్తాయని, అన్నీ రావు గాని కొన్నయినా వస్తాయని. "సముద్రం మునుపెంత సూపించిందో ఇప్పుడూ అంతే సూపిస్తాది కదప్పా. ఒడ్డున తగ్గాయంటే లోపలా తగ్గినట్టే," అన్నావు. యూనివర్సిటీలో ఎలా మాట్లాడతావో గాని, నాతో మాట్లాడితే నీకు మన మాటే వస్తుంది. అది విని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సముద్రం అంతే చూపిస్తోంది నాగబాబూ. మధ్యలో మేము తీసేస్తున్నాం.

ఈ సంగతి నోట పలకకూడదని నియమం. రాయకూడదని ఎవరూ అనలేదు. అందుకే ఈ ఉత్తరాలు. ఇది దొంగదారి అని నాకు తెలుసు. స్వామికీ తెలుసు.

ఆ కార్తీకం మీటింగులో నువ్వు మగవాళ్లతో ఒక మాట అన్నావు. "శ్రీకూర్మం ఎల్లి కూర్మనాథుడికి దణ్ణాలెడతాం. ఇంటికొచ్చి అదే స్వామిని ఒడ్డున కుక్కలకి ఒగ్గేస్తాం." వాళ్ల మనసుకి తగలాలని అన్నావు. తగిలింది. వాళ్లు వలల గురించి ఆలోచించారు. మేము ఆడవాళ్లం వెనకాల మెట్ల మీద కూర్చున్నాం. మాకు వలలు వినబడలేదు. కుక్కలు వినబడ్డాయి.

మర్నాడు కొళాయి దగ్గర లక్ష్మణమ్మత్త బిందె దింపి అంది: "ఇన్నారా ఆ గుంటడి మాట? స్వామిని కుక్కలు పీకుతంటే పక్కనే మనం సేపలు ఏరుకుంతన్నాం. ఇంక మన మొగోళ్లు ఎలగ తిరిగొస్తారే ఇంటికి?" ఆమె కొడుకు వేటకెళ్లి రాలేదు కదా, ఆ మాట ఆమె నోటంట వస్తే ఎవరం కాదనగలం? ఆ రోజే మొక్కుకున్నాం. తెల్లవారకుండా పడవలకి ఎదురు వెళ్తామా, అప్పుడు ఒడ్డున స్వామి పడి ఉంటే పాత వలముక్కలో వేసి నలుగురం నాలుగు కొసలూ పట్టుకుని సరుగుడు తోటలోకి మోసుకెళ్తాం. గొయ్యి తీసి, పసుపునీళ్లు చల్లి, బొట్టు పెట్టి, ఇసుక కప్పి చదును చేస్తాం. చేస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరికీ చెప్పరు. మగవాళ్లకి తెలిస్తే ఫలం పోతుందని లక్ష్మణమ్మత్త నియమం. ఫలమంటే వాళ్లు తిరిగి రావడమే.

ఈ రెండేళ్లలో మన పేట మగవాడు ఒక్కడూ సముద్రంలో పోలేదు. అంతకుముందు పోని ఏడు లేదు. నువ్వు చెప్పు, మేము ఏమనుకోవాలి? పోతురాజు వచ్చేసరికి ఇసుక మీద కాకుల అడుగులే ఉంటాయి. "మీ ఊరి ఒడ్డు కడిగిన కంచంలాగుంటాది నారాయణమ్మా," అంటాడు. నేను టీ ఇస్తాను. అతను ఒడ్డున కాపలా చూస్తున్నాడనుకున్నాను గాని, ఆ ఫోటోలు లేకపోవడమే నీ పుస్తకమని నాకు తెలియదు. నువ్వు మొన్న చెప్పాకనే రెండూ కలిపి చూసుకున్నాను.

నీ దగ్గర నేనూ ఒకటి నేర్చుకున్నాను. అది కూడా రాయాలి. స్వామి ముసలివాడై, దేహం విడిచే వేళకి శ్రీకూర్మం ఉన్న ఒడ్డు వెతుక్కుంటూ వస్తాడని నా నమ్మకం. ముసలివాళ్లు కాశీ వెళ్లినట్టు. మీ బావ పడవ వచ్చిన తెల్లవారుజామునే చాలాసార్లు నీటి అంచున కనబడేవాడు. మీ బావని ఒడ్డున దింపి తాను ప్రాణం విడిచాడని దణ్ణం పెట్టుకునేదాన్ని. నువ్వేమో తాబేలుకీ మనలాగే ఊపిరి కావాలని, వలలో చిక్కితే పైకి రాలేక నీళ్లలోనే ఊపిరాడక పోతుందని చెప్పావు. ఆ తర్వాత రెండుసార్లు తోటకి వెళ్లాను. మొహం చూడలేకపోయాను.

ఒక్కటే సముద్రపు ఒడ్డు. నీకు స్వామి కనబడలేదు కాబట్టి చావడం లేదనుకున్నావు. నాకు కనబడ్డాడు కాబట్టి చావడానికే వస్తున్నాడనుకున్నాను. నీదీ రెండేళ్ల లెక్కే, మాదీ రెండేళ్ల లెక్కే.

రాయాలా వద్దా అని చాలా రోజులు దేవుడి ముందు కూర్చున్నాను. స్వామి ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు. నాకు నేనే ఆలోచించుకున్నాను. ఇది చెబితే నీ పుస్తకం ఆగుతుంది. నా నోము చెడుతుంది. చెప్పకపోతే నువ్వు పెద్దల ముందు నిలబడి లేనిది ఉందని చెబుతావు, అదీ నిజమనుకుని. తీరమంతా అదే నమ్ముతుంది. స్వాములు మాత్రం చస్తూనే ఉంటారు. అప్పుడు వాళ్ల గురించి అడిగే మనిషి కూడా ఉండడు.

మీ బావకి ఇంకా చెప్పలేదు. అతను ఈ పూట వేటలో ఉన్నాడు.

నీ పెద్దప్ప,
నారాయణమ్మ

*

మన పేట,
డోలోత్సవానికి ముందు

ఒరే తమ్ముడూ,

అన్ని రోజులు ఫోను చెయ్యకపోతే నువ్వు కోప్పడ్డావనుకున్నాను. చేశాక, కోప్పడితేనే బాగుండుననిపించింది. నీ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

నీ పరిశోధన చూసే జగన్నాధం మాస్టారు అన్న మాట నువ్వు మెత్తగా చెప్పాలని చూశావు. అయినా నాకు తగిలింది. "మీ అప్ప రాసిన ఉత్తరం మీద పుస్తకం ఆపలేను. మాట ఆధారం కాదు. గుంటలు చూపిస్తే చూద్దాం," అన్నారట. నేను పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు. నా మాటకి మన పేటలో ఎదురు లేదు. ఒక పెద్దాయన నన్ను చూడకుండానే నా మాట చాలదన్నాడు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు అంగన్‌వాడీలో ఒక తల్లి, "మావాడు బాగానే తింతన్నాడు మేడం, తూకం ఎందుకు?" అంది. నేను పిల్లాడిని ఎత్తి తూకంలో కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాక ఆమె మొహం చూశాను. ఇన్నేళ్లలో ఎందరి మొహాలు ఇలా చిన్నబుచ్చానో. ఆమె అబద్ధమాడిందని కాదు నేను తూచింది. తల్లి కంటికి బిడ్డ ఎప్పుడూ నిండుగానే కనబడతాడని. మీ మాస్టారిదీ అంతే అనుకున్నాను. కష్టం సగం తీరింది. మిగతా సగం ఉంది, ఉండనీ.

నా బాధ ఆయన మాట కాదు. నీ మాట. "ఒద్దులేప్పా. నీ నోము సెడిపోద్ది. ఎవరికీ తెలీదు కదా. పుస్తకం అలగే పోనీ, తర్వాత నెమ్మదిగా సూసుకుందాం," అన్నావు. నా మీద ప్రేమతోనే అన్నావు. నీకు రావలసిన ఉద్యోగం కూడా ఈ పుస్తకం మీదే ఉందని నాకు తెలుసు, పోతురాజు చెప్పాడు. అయినా ఒక మాట రాస్తాను, బాధపడకు. నా నోముని అడ్డం పెట్టుకోకు. దాని వెనకాల దాక్కోవలసినంత చిన్నవాడివి కావు.

నువ్వు ఫోను పెట్టేశాక లక్ష్మణమ్మత్త ఇంటికెళ్లాను. మాతో మొక్కుకున్న భజన మేళం ఆడవాళ్లందరూ అరుగు మీదే ఉన్నారు. మీ మాస్టారు గుంటలు చూపమన్న సంగతీ, నీకు ఉత్తరం రాసిన నా దొంగదారి సంగతీ దాచకుండా చెప్పాను.

అత్త నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నోటితో సెప్పకూడదంటే సేత్తో సెప్పినావా! సదువుకున్నదానివి కదా, అడ్డదారులు బాగా తెలుస్తాయి నీకు."

"అవునత్తా," అన్నాను.

"స్వామిని పాతిపెట్టింది మళ్లీ తవ్వి పెద్దోళ్లకి సూపించడానికేటే? రేపు మీ అమ్మని తవ్వమంటే తవ్వుతావేటి?"

ఎవరో ముక్కు చీదారు. ఇంకెవరో, "నీ మొగుడు కూడా ఏటకెళ్తన్నాడు, గుర్తుందా?" అన్నారు. గుర్తు లేకుండా ఎలా ఉంటుంది? చేతులు కొంగులో పెట్టుకున్నాను.

నాకు పెద్దగా చెప్పడం రాదు. ఒక్కటే అడిగాను. "పక్క ఊళ్ల ఒడ్డున కుక్కలు పీకుతున్న స్వాములు మన స్వాములు కారా అత్తా? మనం ఇక్కడ కప్పెట్టాం కాబట్టి, ఆ వల నియమం పెడితే అక్కడా చావులు ఆగిపోతాయనుకుంటారు. ఇంక ఎవరూ పట్టించుకోరు."

ఆమె తమలపాకు తీసింది, సున్నం రాసింది, నోట్లో పెట్టుకోలేదు. చివరికి అంది: "డోలోత్సవం ఎల్లనీ. తవ్వితే మనమే తవ్వాలి. మొగోడి పార తగలకూడదు. సూసినాక మళ్లీ మనమే కప్పాలి. మీ తమ్ముడు దూరంగా నిలబడి రాసుకుంతాడో, ఫోటోలే తీసుకుంతాడో వాడిష్టం."

అదీ సంగతి. అటవీ శాఖవాళ్ల అనుమతి నువ్వు తీసుకురా. అది లేకుండా తాబేలు చిప్ప ముట్టుకుంటే నేరమని నువ్వే మీటింగులో చెప్పావు.

మీ బావకి ఈ పూట చెప్పబోయాను. "వస్తానే," అని వలతట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు. వీపు చూస్తూ ఉండిపోయాను. నోము చెడింది. అతను మాత్రం సముద్రం మీదికి వెళ్తూనే ఉన్నాడు. ఈ రోజుల్లో నాకు నిద్ర సరిగ్గా లేదు. నీకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకుంటాను?

నీ పెద్దప్ప,
నారాయణమ్మ

*

మన పేట,
ఉగాది వెళ్లిన వారం

బంగారు నాయనా,

తోటలో తవ్విన రోజు అన్నం తినకుండా బస్సెక్కేశావు. ఎందుకో నాకు తెలుసు. నువ్వు వెళ్లాక జరిగినది నీకు చెప్పాలి. ఇప్పుడు దీనికి నియమమేమీ లేదు, ఫోనులోనే చెప్పొచ్చు. కాని ఫోనులో నువ్వు మధ్యలో ఏడుస్తావు. రాయడమే మేలు.

తోటలో నువ్వు చూసినది నువ్వు రాసుకున్నావు. నేను చూసినది వేరు. ఇసుక తీస్తుంటే పసుపు వాసన ఇంకా ఉంది. లక్ష్మణమ్మత్త ఒక్కో చిప్ప మీదా చెయ్యి వేసి, "స్వామీ, సూసుకోనీ," అంటూ తీసింది. పోతురాజు తోట మొదట్లోనే చతికిలబడిపోయాడు. "ఇన్నున్నాయేటి తల్లీ! నానెక్కడ నడిసినాను మరి రెండేళ్లూ?" అన్నాడు. అతని తప్పు లేదు. అతను ఉన్నది ఉన్నట్టే చూశాడు.

మునుపటికన్నా తక్కువేనని నువ్వన్నావు. లేకుండా మాత్రం పోలేదని కూడా అన్నావు. అంటే వల నియమం కొంత పనిచేసింది, నువ్వనుకున్నంత కాదు. ఆ మాట నీ నోట వింటే నాకు ఊరట కలిగింది. అంతలో ఒక చిప్ప దగ్గర వలముక్క బయటపడింది. రెక్కకి చుట్టుకుని ఉంది. చిరిగినచోట ఆకుపచ్చ దారంతో బాగుచేసిన వల. మన పేటలో ఆకుపచ్చ దారం వాడేది మీ బావ ఒక్కడే. నువ్వు చిన్నప్పుడు ఆ దారపు కండె పట్టుకుని కూర్చునేవాడివి. తలెత్తి నా వైపు చూశావు. నేను చూశాను. నువ్వు దాన్ని కవరులో వేసుకోకుండా అక్కడే వదిలేశావు. నేను తీసి కొంగున కట్టుకున్నాను.

సాయంత్రం మీ బావ వస్తే ఆ ముక్క అరుగు మీద పెట్టాను.

చూశాడు. కూర్చున్నాడు. "తవ్వినారా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"మొదటి నుంచీ తెలుసే. పసుపు సేతుల్తో తోటలోంచి పడవ కాడికొస్తే నాకు ముక్కు లేదనుకున్నావేటి? పేటలో మొగోళ్లందరికీ తెలుసు. మీరు సెప్పకూడదనుకున్నారు, మేము తెలీనట్టుండాలనుకున్నాం."

అప్పుడు వల సంగతి అడిగాను. దాచలేదు. సముద్రంలో చేప దొరికినన్నాళ్లూ మాట మీదే ఉన్నారట. చేప లేని వారాల్లో టేకు వలని రాత్రి ఉంచేశారట, అందరూ కాకపోయినా చాలామంది. అతనూ. వల ఎత్తేసరికి అందులో స్వామి. "మునుపయితే వల కోసి నీళ్లలోకి ఒగ్గేసీవోళ్లం. నీ తమ్ముడు ఆ మాటన్న కాణ్ణించి సెయ్యి రాలేదు. ఎక్కడ పడితే అక్కడ ఎలగ పారేస్తాం? పడవలో ఏసుకొచ్చి, సీకట్లో మీరు రాకముందే నీటంచున పెట్టీవోళ్లం. మీరొచ్చి సూసుకుంటారు కదా అని."

నాగబాబూ, ఆ మాట విని నేను గోడకి ఆనుకుని ఉండిపోయాను. స్వామి మీ బావని ఒడ్డున దింపుతున్నాడని రెండేళ్లు దణ్ణం పెట్టుకున్నాను. మీ బావే స్వామిని మోసుకొచ్చి ఒడ్డున దింపుతున్నాడు. నేను ఎవరి క్షేమం కోసం నోము పట్టానో ఆ చేతుల్లోనే స్వామి పోయాడు. ఆ చేతులే ఆయన్ని సముద్రానికి వదిలేయలేక నా దగ్గరికి తెచ్చి పెట్టాయి. కోపం రావాలి. వచ్చింది కూడా. దాని పక్కనే ఇంకొకటి వచ్చి కూర్చుంది, దానికి పేరు తెలియదు. "తినడానికి రా," అన్నాను. అంతే అన్నాను.

తింటూ మధ్యలో ఆగాడు. "మీ తమ్ముడు ఆ ముక్క ఎందుకొదిలేసినాడు?"

"నీ కోసమే."

"నా కోసమైతే తీసుకోమను. మేం ఏ రాత్రి ఎక్కడ వలేసినామో, ఎన్ని పడ్డాయో, అన్నీ సెప్తాం. మొదటి పేరు నాదే రాసుకోమను. అలగని నన్ను జైల్లో ఎట్టించీగలడేటి?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

కాబట్టి నీ లెక్క మళ్లీ మారింది నాయనా. ఒడ్డున లేనివి తోటలో ఉన్నాయి. తోటలో ఉన్నవాటిలో సముద్రం తెచ్చినవి కొన్ని, మనవాళ్లు తెచ్చినవి కొన్ని. మనవాళ్లు తేకపోతే వాటిలో ఎన్ని ఒడ్డు చేరేవో, ఎన్ని అడుగునే ఉండిపోయేవో ఎవరికీ తెలియదు. నువ్వు ఒక్క మాటన్నావు మీటింగులో. దానికి వలలు కొంత తగ్గాయి, ఆడవాళ్లు గోతులు తీశారు, మగవాళ్లు పడవల్లో మోశారు. మూడూ కలిసి నీకు ఖాళీ ఒడ్డు చూపించాయి.

నువ్వు పుస్తకం వెనక్కి తీసుకున్నావని, జగన్నాధం మాస్టారు ఇంకో సీజను చూడమన్నారని నిన్న ఫోనులో చెప్పావు. ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశారని మాత్రం చెప్పలేదు. అదీ పోతురాజే చెప్పాడు. ఆ నష్టం చిన్నదని నేననను. మీ మాస్టారు గుంటల ఫోటోలు చూశారట కదా. "మీ అప్పగారిని నేనొకసారి కలవాలి," అన్నారట. రమ్మను. వంజరం పులుసు పెడతాను. నా మాట నమ్మనందుకు కోపం లేదని కూడా చెప్పు.

ఇవాళ తెల్లవారాక జరిగినది రాసి ముగిస్తాను. మీ బావ పడవ వచ్చింది. ఇంతకుముందులా చీకట్లో కాదు, ఎండెక్కాక. పడవలో స్వామి ఉన్నాడు. ఈసారి రాత్రి వల కాదట, పొద్దున్న వేసినదానిలోనే పడ్డాడట. నిజమో కాదో పోతురాజు అడిగి రాసుకున్నాడు. ఫోటో తీశాడు. ఆ తర్వాత మేము వలముక్క పరిచాం. ఒక కొస దగ్గర మనిషి తక్కువయితే మీ బావ వచ్చి పట్టుకున్నాడు. లక్ష్మణమ్మత్త కళ్లు పెద్దవి చేసింది. నేను కంగారుపడ్డాను. ఆమె మాత్రం, "ఒరే గంగులూ, స్వామి తల నేలకి తగులుతంది, పైకెత్తరా!" అని మీ బావని కేకేసింది. రెండేళ్లలో మొదటిసారి అందరం మాట్లాడుకుంటూ తోటకి నడిచాం. ఎవరో నవ్వారు కూడా. స్వామి ముందు తప్పేమోననుకున్నాను. తప్పనిపించలేదు.

రేపు మీ బావ మళ్లీ వేటకెళ్తాడు. వేట నిషేధం ఇంకా మొదలు కాలేదు కదా. అతన్ని కాపాడే నోము ఇప్పుడు లేదు. దణ్ణం ఉంది. తిరిగొస్తే అది దేనికీ రుజువు కాదని నువ్వంటావు, సరే. రాకపోయినా కాదని నేనంటాను. స్వామిని ఆ లెక్కతో చూడడం మానుకున్నాను. తెల్లవారుతూనే ఒడ్డుకెళ్లి నిలబడతాను, అంతే.

నువ్వు వేళకి తిను.

నీ పెద్దప్ప,
నారాయణమ్మ